ఆవాల ఓడ: జారే సరుకు, ఊపే అల (ప్రాజెక్టు డైరీ)

1వ రోజు

ఈ పని మొదలుపెట్టడానికి కారణం పామిర్. నాలుగు స్తంభాల తెరచాప ఓడ అది. బ్యూనస్ ఐరిస్‌లో బార్లీ నింపుకొని హాంబర్గ్‌కు వెళుతూ 1957 సెప్టెంబరు 21న అట్లాంటిక్‌లో తుఫానుకు చిక్కి మునిగిపోయింది. ఓడలో ఉన్న 86 మందిలో ఆరుగురే బతికారు. బార్లీలో ఎక్కువ భాగాన్ని సంచుల్లో కట్టకుండా విడిగా పోశారు. గాలికి ఒరిగిన ఓడలో ఆ గింజలు ఒకవైపుకు జరిగాయి.

ఇది చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. అల ఓడను రెండు వైపులా ఊపుతుంది. ఎడమకు ఎంత ఒరిగిస్తే కుడికీ దాదాపు అంతే. అలాంటప్పుడు గింజలు అటూ ఇటూ కదులుతూ మొత్తం మీద మధ్యలోనే ఉండాలి కదా, ఒకవైపే ఎందుకు చేరతాయి? పుస్తకంలో సూత్రాలు దొరుకుతాయి. నాకు మాత్రం ఆ గింజలు జారే క్షణాన్ని కంటితో చూడాలని ఉంది. అందుకే నమూనా ఓడ.

కొలతలు ఈ రాత్రే తేల్చాను. పొడవు 90 సెం.మీ., వెడల్పు 15, లోతు 12. నీటిలో మునిగే భాగం 6 సెం.మీ. ఆకారం పెట్టెలా ఉంటుంది, లెక్క సులువుగా చేయడానికే అలా పెట్టాను. స్కేలు 1:144. ఈ అంకెను కావాలనే ఎంచుకున్నాను. నమూనాల్లో కాలం పొడవుకు వర్గమూలంగా మారుతుంది, 144 వర్గమూలం 12. అంటే నా తొట్టిలో ఒక సెకను సముద్రంలో 12 సెకన్లతో సమానం. అసలు ఓడ సుమారు 130 మీటర్ల పొడవు, 21.6 మీటర్ల వెడల్పు ఉన్న సరుకు ఓడ అవుతుంది.

4వ రోజు

4 మి.మీ. ప్లైవుడ్‌తో పెట్టె సిద్ధమైంది. లోపల ఒకే ఒక సరుకు గది, 70 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు. గదికి ముందువైపు గోడను పారదర్శకమైన యాక్రిలిక్ పలకతో కట్టి, దాని వెనుక చిన్న కెమెరా బిగించాను. గింజల పైతలం ఎంత వాలిందో అందులో కనిపిస్తుంది.

బరువుల పద్దు: పెట్టె 1.5 కిలోలు, సీసపు బ్యాలాస్టు (ఓడను నిలకడగా ఉంచే బరువు) 3.4, కెమెరా, బ్యాటరీ కలిపి 0.2, సరుకు 3 కిలోలు. మొత్తం 8.1 కిలోలు. 6 సెం.మీ. మునిగితే పెట్టె తోసివేసే నీరు కూడా అంతే. నీటిలో దింపగానే గీసిన గీత దగ్గరే ఆగింది.

సరుకుగా ఆవాలు తీసుకున్నాను. గుండ్రంగా, నున్నగా, ఒకే పరిమాణంలో ఉంటాయి. కుప్ప పోసి వాలు కొలిస్తే 25 డిగ్రీలు వచ్చింది. కుప్ప జారకుండా నిలిచే ఈ వాలునే విరామ కోణం అంటారు. ఇది గింజ పెద్దదైనా చిన్నదైనా పెద్దగా మారదు, కాబట్టి ఓడను కుదించినా ఈ కోణాన్ని కుదించనక్కర్లేదు. నమూనాకు ఆవాలు సరిపోవడానికి అసలు కారణం ఇదే.

6వ రోజు

ఈ రోజు మెటాసెంట్రిక్ ఎత్తు కొలిచాను. ఓడ కొద్దిగా ఒరిగినప్పుడు నీరు పైకి తోసే బలపు గీత ఓడ మధ్యరేఖను తాకే బిందువు మెటాసెంటర్. 1746లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ బూగే తన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఓడ గురుత్వ కేంద్రం దీనికి కింద ఉంటే ఓడ తిరిగి నిలబడుతుంది, పైన ఉంటే నిలబడదు. రెండింటి మధ్య దూరమే మెటాసెంట్రిక్ ఎత్తు.

ఆవాలను సంచుల్లో బిగించి కదలకుండా పెట్టి, 100 గ్రాముల బరువును ఓడ మధ్య నుంచి 5 సెం.మీ. పక్కకు జరిపాను. 20 సెం.మీ. దారానికి వేలాడే గుండు 15 మి.మీ. పక్కకు వచ్చింది. లెక్క వేస్తే 0.82 సెం.మీ. పెట్టె కొలతల నుంచి ముందే కట్టిన అంచనా 0.83. ఇంత దగ్గరగా వస్తుందని ఆశించలేదు, అందుకని మూడుసార్లు చేశాను. కొత్త ఓడను అప్పగించే ముందు షిప్‌యార్డులో చేసే పరీక్ష కూడా ఇదే. టన్నుల బరువులు జరిపి, పొడవాటి దారానికి గుండు కట్టి కొలుస్తారు.

నిశ్చలమైన నీటిలో ఒకసారి తోసి వదిలితే పది ఊపులకు 12.6 సెకన్లు పట్టింది. ఒక ఊపుకు 1.26 సెకన్లు, సముద్రంలో అయితే 15 సెకన్లు. ఆ పరిమాణపు ఓడకు నమ్మదగిన అంకె.

9వ రోజు

తొట్టి: ఇటుక గోడల మధ్య టార్పాలిన్, 4 మీటర్ల పొడవు, 1.2 వెడల్పు, 50 సెం.మీ. నీరు. ఒక చివర కింద కీలు బిగించిన పలక, దాన్ని ముందుకూ వెనక్కూ ఆడించే మోటారు. మోటారు వేగం మార్చే బాధ్యత తమ్ముడిది. రెండు రోజులు అల రెండో చివర గోడకు తగిలి తిరిగి వచ్చి అంతా కలగాపులగం చేసింది. ఆ చివర వాలుగా గులకరాళ్లు పరిచి, పైన ప్లాస్టిక్ వల కప్పాక అల అక్కడే చచ్చిపోతోంది. అంతకు మించి దీని గురించి రాయాల్సింది లేదు.

11వ రోజు

ఈ రోజు పొరపాటే ఈ ప్రాజెక్టులో నాకు బాగా పనికొచ్చిన పాఠం.

అలల్లో ఓడ ఎంత ఊగుతోందో కొలవడానికి లోపల త్వరణాన్ని పసిగట్టే చిన్న సెన్సరు పెట్టాను. నిశ్చలమైన నీటిలో అది సరిగ్గా చెప్పింది. పొట్టి అలల్లో మాత్రం ఓడ 8 డిగ్రీలు ఊగుతున్నట్టు కంటికి కనిపిస్తుంటే సెన్సరు 5 అంది. వైర్లు మార్చాను, సెన్సరు మార్చాను. ఫలితం మారలేదు. చివరికి సెన్సరు పక్కనే దారానికి గుండు వేలాడదీసి చూశాను. గుండు కూడా సెన్సరు మాటే చెప్పింది.

తప్పు వాటిది కాదు. అలపై తేలే వస్తువు నీటితో పాటు గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్ల కలిగే బలం, బరువు కలిసినప్పుడు ఆ వస్తువుకు 'కింద' అనే దిక్కే మారిపోతుంది. అల ఉపరితలానికి లంబంగా ఉన్న దిక్కే దానికి కిందివైపు. చిన్న తెప్ప మీద వేలాడదీసిన గుండు అల ఎంత వాలినా తెప్పకు నిటారుగానే నిలుస్తుంది. ఈ విషయాన్ని 1861లోనే ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్ వివరించాడు. ఓడల ఊగుడు శాస్త్రానికి పునాది అక్కడే పడింది.

అయితే నన్ను కుర్చీలోంచి లేపిన సంగతి వేరు. గుండుకు ఏది కింద అనిపిస్తుందో ఆవగింజకూ అదే కింద. గింజకు దిగంతం తెలియదు. ఓడ 20 డిగ్రీలు ఒరిగిందా అన్నది గింజకు పట్టదు, తన నేల తన 'కింద'కు ఎంత వాలిందన్నదే పడుతుంది. అందువల్ల నాకు రెండు కొలతలూ కావాలి. ఓడ ఎంత ఒరిగిందో తొట్టి బయట నేల మీద నిలిపిన కెమెరా చెబుతుంది. సరుకు ఎంత వాలు అనుభవిస్తోందో లోపలి సెన్సరు చెబుతుంది. పారేద్దామనుకున్న సెన్సరు అక్కడే ఉంది.

13వ రోజు

ఆవాలు ఇంకా సంచుల్లోనే. ఓడను అలలకు అడ్డంగా నిలిపి, ముక్కుకూ తోకకూ వదులైన దారాలు కట్టి, మోటారును 1.25 సెకన్లకు పెట్టాం. అల ఎత్తు 3.5 సెం.మీ., సముద్రంలో 5 మీటర్లు. అల వ్యవధీ ఓడ సొంత ఊపూ కలిశాయి. దీన్నే అనునాదం అంటాం. పదో అలకల్లా ఓడ అటు 19, ఇటు 19 డిగ్రీలు ఊగింది. మూడు వందల అలలు అలాగే నడిపి ఆపితే తిన్నగా నిలిచింది. పోల్చి చూడటానికి ఆధారం ఇదే.

14వ రోజు

సంచులు విప్పి ఆవాలు పోసి చదును చేశాను. 4.7 సెం.మీ. మందం వచ్చింది, గది సగం నిండినట్టు. అవే అలలు.

డెబ్బై అలల దాకా ఏమీ లేదు. తరువాత చూస్తుండగానే ఎడమకు ఒరిగింది, ఇంకా ఒరిగింది, మూత అంచు నుంచి నీళ్లు వెళ్లి మునిగిపోయింది. మూతకు వేసిన టేపు సరిగా అంటుకోలేదు, ఆ తప్పు నాదే. ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. మూడు కిలోల ఆవాలు ఆరబెట్టడానికి రెండు రోజులు పడుతుంది.

17వ రోజు

మూతకు రబ్బరు అంచు వేసి మళ్లీ నడిపాం. ఈసారి మొత్తం వీడియోలో దొరికింది. రాత్రి ఒక్కో ఫ్రేమూ చూశాను.

మొదటి యాభై అలల్లో పైపొర గింజలు మాత్రమే దొర్లాయి. ఎడమకు కొన్ని, కుడికి కొన్ని. ఇక్కడిదాకా నా మొదటిరోజు అనుమానం నిజమే, అటూ ఇటూ సమానం. అరవయ్యో అల దగ్గర ఎడమకు ఊగినప్పుడు కొంచెం మందమైన పొర కదిలింది. ఎందుకు ఎడమకే అంటే చెప్పలేను, రెండు అలలు ఒకేలా ఉండవు, అంతే. ఓడ సగటున 2 డిగ్రీలు ఎడమకు ఒరిగి ఉండిపోయింది.

జవాబంతా ఆ 2 డిగ్రీల్లో ఉంది. ఇప్పుడు 19 డిగ్రీల ఊపు ఎడమకు 21 అవుతుంది, కుడికి 17. ఎడమకు వెళ్లినప్పుడు పొర జారుతుంది. కుడికి వచ్చినప్పుడు దాన్ని వెనక్కి తెచ్చేంత వాలు లేదు. పోయిన గింజ పోయినట్టే. తరువాతి ఊపులో ఎడమ మరింత ఎక్కువ, కుడి మరింత తక్కువ. 75వ అలకు 5 డిగ్రీలు, 90వ అలకు 11. సమానంగా ఊపే అల, పెన్సిలును మొన మీద నిలబెట్టినట్టు, ఏ చిన్న తేడానైనా పెంచి ఒక పక్కకు పడేస్తుంది.

12.5 డిగ్రీల దగ్గర ఆగింది. కెమెరాలో గింజల పైతలం గది నేలకు 10 డిగ్రీల వాలుతో ఉంది. ఆ వాలుకు ఎంత సరుకు పక్కకు పోయిందో లెక్కకట్టి, దానికి ఓడ ఎంత ఒరగాలో చూస్తే 12.2 వచ్చింది.

18వ రోజు

నిన్న 12.5 దగ్గర ఎందుకు ఆగిందన్న సంగతి నిద్రపట్టనివ్వలేదు. విరామ కోణం 25, గింజలు ఇంకా జారగలవు. వీడియో మళ్లీ చూస్తే, ఒరిగాక ఓడ ఊగడమే తగ్గింది. 19 డిగ్రీల ఊపు 9కి పడిపోయింది.

ఒరిగిన పెట్టె ఓడకు నీటి మట్టం దగ్గర వెడల్పు పెరుగుతుంది, దాంతో తిరిగి నిలబెట్టే బలం పెరుగుతుంది. లెక్క ప్రకారం ఊపు వ్యవధి 1.26 నుంచి 1.12 సెకన్లకు తగ్గాలి. అంటే ఓడ ఒరిగి, అల తాళం నుంచి తప్పించుకుంది. ఇది చూసి మొదట సంతోషించాను, ఓడకు ఇలాంటి సొంత రక్షణ ఉందా అని.

పక్కన నిలబడ్డ తమ్ముడు అడిగాడు: "అక్కా, సముద్రంలో అలలన్నీ ఒకే వేగంతో వస్తాయా?"

"రావు. అన్ని వ్యవధులూ కలిసే వస్తాయి."

"అయితే మోటారు కొంచెం పెంచి చూద్దామా?"

వేగం పెంచి అల వ్యవధిని 1.1 సెకన్లకు తెచ్చాడు. ఇరవై అలల్లో ఓడ మళ్లీ గట్టిగా ఊగడం మొదలుపెట్టింది, గింజలు మళ్లీ కదిలాయి, ఒరుగు 17 డిగ్రీలకు చేరింది. గింజల వాలు 15. ఇంకో మూడు వందల అలలు నడిపే ధైర్యం చేయలేదు. 17 డిగ్రీల ఒరుగు మీద 20 డిగ్రీల ఊపు వస్తే 37. నా ఓడ డెక్కు అంచు నీటిని తాకేది 38.7 దగ్గర.

19వ రోజు

అంతర్జాతీయ ధాన్య కోడ్‌తో పోల్చాను. 1994 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ నియమావళి ప్రకారం విడి ధాన్యం జరిగితే ఓడ 12 డిగ్రీలకు మించి ఒరగకూడదు. డెక్కు అంచు అంతకంటే ముందే మునిగేట్టయితే ఆ కోణమే హద్దు. మెటాసెంట్రిక్ ఎత్తు కనీసం 0.30 మీటర్లు ఉండాలి. ఒరిగిన తరువాత కూడా ఓడలో మిగిలే స్థిరత్వానికి కనీస కొలత 0.075 మీటర్ రేడియన్లు.

నా ఓడ మెటాసెంట్రిక్ ఎత్తును సముద్రపు కొలతలోకి మారిస్తే 1.2 మీటర్లు, కనీసానికి నాలుగు రెట్లు. ఆ ఒక్క అంకె చూసి ఓడ భద్రమని సంతకం పెట్టేయవచ్చు. కానీ సగం నిండిన గదిలో ధాన్యం 25 డిగ్రీల వాలుకు జరిగినట్టు ఊహించి లెక్కకట్టమంటుంది కోడ్. అలా చేస్తే నా ఓడ 24 డిగ్రీలు ఒరుగుతుంది. పరిమితికి రెట్టింపు. మెటాసెంట్రిక్ ఎత్తు ఎంతున్నా సరుకు ఎంత దూరం జరగగలదో కూడా అడగాల్సిందే. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయకుండా రాసినందుకు ఆ నియమాలు రాసినవారి మీద నాకు గౌరవం పెరిగింది.

కోడ్ చెప్పే ఒక మందును కూడా పరీక్షించాను. విడి ధాన్యం పైన ధాన్యపు సంచులు పరవడం. సంచుల మందం ధాన్యం వెడల్పులో పదహారో వంతు లేదా 1.2 మీటర్లు, ఏది ఎక్కువైతే అది. నా స్కేల్లో 8 మి.మీ. కన్నా కొంచెం ఎక్కువ. మూడు కిలోల్లోంచే కొన్ని ఆవాలు తీసి పలుచని గుడ్డ సంచుల్లో కుట్టి పైన పరిచాను. రెండు వందల అలల తరువాత ఒరుగు అర డిగ్రీ. ఆ పలుచని పొర అంత పని చేస్తుందని చూస్తేగానీ నమ్మలేదు. మొదట జారేది పైపొరే, దాన్ని పట్టుకుంటే కిందిది కదలదు.

21వ రోజు

సంచులు తీసేసి, 1.5 కిలోల సీసాన్ని డెక్కు దగ్గర నుంచి కొంత కిందికి దించాను. మెటాసెంట్రిక్ ఎత్తు 0.83 నుంచి 1.7 సెం.మీ.కు పెరిగింది. ఊపు వ్యవధి 0.9 సెకన్లకు తగ్గింది. బరువు కిందికి దిగితే ఓడ గట్టిపడుతుంది, నిజమే. అదే 15 డిగ్రీల వాలుకు ఇప్పుడు 17 బదులు 9.5 డిగ్రీలే ఒరగాలి.

కానీ ఇప్పుడది విసురుగా ఊగుతోంది. ఊపు చివర తిరిగే చోట కుదుపు వ్యవధి వర్గానికి విలోమంగా పెరుగుతుంది, ఇక్కడ దాదాపు రెట్టింపు. 0.9 సెకన్ల అలల్లో ఓడ 17 డిగ్రీలు ఊగేసరికే ఆవాలు కదిలాయి, అంతకుముందు 19 దాకా ఓపిక పట్టినవి. జారితే నష్టం తక్కువ, కానీ జారడం తొందరగా మొదలవుతుంది. కట్టిన సరుకు ఉన్న ఓడలో ఈ విసురే తాళ్లు తెంపుతుంది. బరువు ఎంత కిందికి పెడితే అంత మంచిదనే మాటను నేను ఇక మీదట అలా గుడ్డిగా అనను.

24వ రోజు

ఆవాలు తీసి మూడు లీటర్ల నీరు పోశాను. సీసాన్ని మళ్లీ పైకి చేర్చాను. అల వేయకముందే ఓడ 30 డిగ్రీలు దాటి ఒరిగిపోయింది. నీటికి విరామ కోణం లేదు. ఎంత చిన్న ఒరుగుకైనా వెంటనే, పూర్తిగా జారుతుంది. దాని వల్ల పోయే మెటాసెంట్రిక్ ఎత్తు 1.58 సెం.మీ., నా దగ్గర ఉన్నది అంత లేదు. 1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రయాణికుల ఫెర్రీ కార్ల డెక్కులోకి నీరు చేరిన కొద్ది నిమిషాల్లోనే పడిపోయి 193 మంది ఎందుకు చనిపోయారో ఆ మూడు లీటర్లు చూపించాయి.

గది మధ్యలో నిలువునా ఒక పలక నిలిపి అతుకులు మూశాను. ఓడ లేచి నిలబడింది. నష్టం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. సగం వెడల్పు గదులు రెండైతే మొత్తం నష్టం నాలుగో వంతు, 0.40. ధాన్యానికీ ఇదే లెక్క వర్తిస్తుంది, అందుకే పాతకాలపు ధాన్యపు ఓడల్లో గది మధ్యన పలకల గోడ కట్టేవారు.

27వ రోజు

చివరి సరుకు: తడి రాతిపొడి. గింజకూ నీటికీ మధ్యలో ఉండేది, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది.

మలేసియా నుంచి 46,400 టన్నుల బాక్సైట్‌తో (అల్యూమినియం ఖనిజం) బయలుదేరిన బల్క్ జూపిటర్ అనే ఓడ 2015 జనవరి 2న వియత్నాం తీరానికి దూరంగా మునిగింది. 19 మందిలో ఒక్కరే మిగిలారు. ఎక్కించేటప్పుడు అది రాళ్లు కలిసిన మట్టి, గుట్టగా నిలుస్తుంది. తరువాత జరిపిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, ఓడ ఊగుతున్న కొద్దీ సన్నని మట్టి, నీరు పైకి తేలి బురదగా విడిపోతాయి. సరుకు అడుగున గట్టిగానే ఉంటుంది, దాని మీద ఒక చెరువు ఊగుతుంటుంది.

మూడు కిలోల పొడిలో 10 శాతం నీరు కలిపాను. మెటాసెంట్రిక్ ఎత్తు మళ్లీ 0.83 ఉండేలా సీసాన్ని సర్దాను. గదిలో పొడి గోడలా నిలబడింది, వేలితో నొక్కినా కదల్లేదు. రెండు వందల అలల దాకా ఆవాలకన్నా ఎంతో మంచి సరుకు. 260 దగ్గర యాక్రిలిక్ పలక వెనుక పైతలం నిగనిగలాడింది. 300 దాటాక ఓడ ఊపులో లయ చెదిరింది, ఎడమకు ఒరిగి ఒక క్షణం ఆగి తిరిగి వస్తోంది. ఆ ఆగడం చూస్తుంటే ఒళ్లు జలదరించింది. మోటారు ఆపించాను.

విడిగా పోసే ఘన సరుకుల రవాణాకు ఉన్న అంతర్జాతీయ నియమావళి ఐఎంఎస్‌బీసీ కోడ్‌లో ఓడ మీదే చేయగల ఒక సులువైన పరీక్ష ఉంది. అర లీటరు నుంచి లీటరు డబ్బాను సగం నమూనాతో నింపి, సుమారు 20 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి బల్ల మీద 25 సార్లు, ఒకటి రెండు సెకన్లకు ఒకటి చొప్పున కొట్టాలి. పైన తేమ గానీ, పలుచబడటం గానీ కనిపిస్తే ఎక్కించే ముందు ప్రయోగశాల పరీక్ష చేయించాలి. సాయంత్రం తమ్ముడూ నేనూ మూడు డబ్బాలు కొట్టాం. 6 శాతం తేమ ఉన్నది 25 దెబ్బలకూ పొడిగానే ఉంది. 10 శాతం ఆరో దెబ్బకే మెరిసింది. 8 శాతం డబ్బాను చేతితో తాకితే 6 శాతానికీ దీనికీ తేడా తెలియలేదు. 18వ దెబ్బ దాకా అలాగే ఉండి, 19వ దెబ్బకు అంచు చుట్టూ సన్నని నీటి గీత తేలింది. రేపు గదిని ఆ 8 శాతం పొడితోనే నింపుతాం.